రోజుకొక్క చోటే: పల్లెటూరి హోటల్లో దిగి చుట్టుపక్కల ప్రకృతిని చూసొచ్చే పద్ధతి

పల్లెటూళ్లో ఒక హోటల్ తీసుకుని నాలుగు రోజులుంటే చుట్టుపక్కల జలపాతాలు, గుహలు, కొండలు, అడవులు అన్నీ చుట్టేయొచ్చు అనుకుని బయల్దేరతాం. తీరా ఇంటికొచ్చాక గుర్తుండేది కారు అద్దంలోంచి చూసిన రోడ్డూ, పార్కింగ్‌లో దిగి హడావిడిగా తీసుకున్న ఫొటోలూ. మొదట్లో నేనూ అలాగే తిరిగాను. ఒకే రోజుకి జలపాతం, సరస్సు, సూర్యాస్తమయానికి కొండ అని మూడు పెట్టుకున్నాం. జలపాతం చేరేసరికి ఎండ దాని వెనక్కి పోయి ముందంతా నీడ కమ్మేసింది. సరస్సు దగ్గర గాలికి నీళ్లన్నీ అలలు. కొండ సగం ఎక్కేలోపే చీకటి పడింది. ఆ మూడూ మంచి చోట్లే. మేం వెళ్లిన వేళలే సరైనవి కావు. అప్పటినుంచి రోజుకొక్క చోటు, ఆ చోటుకి తగిన వేళ అన్న లెక్కతోనే తిరుగుతున్నాను. ఆ లెక్క ఎలా వేసుకోవాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: గది బుక్ చేసేముందు మ్యాప్ తెరవండి

హోటల్ ఫొటోలు చూసేముందు మ్యాప్‌లో అది ఎక్కడుందో చూడండి. కిలోమీటర్లు పట్టించుకోవద్దు, గంటలు లెక్కపెట్టండి. మెలికల కొండదారిలో 30 కిలోమీటర్లకి గంట దాటిపోతుంది. అదే దూరం చదును రోడ్డు మీద అరగంట. ఒకవైపు ప్రయాణం గంటన్నర మించే చోటుని నేను జాబితాలోంచి కొట్టేస్తాను. రోడ్డు మీద గడిపే సమయం కంటే చోటు దగ్గర గడిపే సమయం ఎక్కువుండాలి. అలా లేకపోతే అది ప్రయాణమే అవుతుంది, చూడడం కాదు.

రెండు రకాల నేల కలిసేచోట ఉన్న హోటల్ దొరికితే వదలకండి. కొండ మొదలయ్యే అంచున, అడవికీ నదికీ మధ్యన, తీరానికీ గుట్టలకీ నడుమ. వాన పడితే గుహ, ఎండ కాస్తే కొండ, మబ్బు పడితే అడవి అని మార్చుకునే వీలుంటుంది. చుట్టూ ఒకే రకం నేల ఉంటే, వాతావరణం చెడిన రోజు గదిలో కూర్చోవాల్సిందే.

బుక్ చేసేముందు హోటల్‌వాళ్లని మూడు మాటలు అడగండి. తెల్లవారకముందే గేటు తీస్తారా? పొద్దున్నే తినడానికి ఏమైనా కట్టి ఇస్తారా? తడిసిన బూట్లు ఆరబెట్టుకోవడానికి చోటుందా? మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తడి బూట్లతో రెండో రోజు నడిస్తే మడమ దగ్గర బొబ్బలెక్కి మూడో రోజు మొత్తం పోతుంది.

రెండో అడుగు: ముందురోజు సాయంత్రం అడగాల్సినవాళ్లని అడగండి

రిసెప్షన్‌లో ఇచ్చే మ్యాప్ తీసుకోండి. కానీ అసలు సమాచారం ఉండేది ఆ దారుల మీదుగా రోజూ పనికి వచ్చేవాళ్ల దగ్గర. తోటమాలి, రాత్రి కాపలా ఉండే మనిషి, డ్రైవర్లు. పై ఊళ్లో నిన్న వాన పడిందో లేదో, ఏ వంతెన మరమ్మతులో ఉందో, ఏ బాటలో చెట్టు కూలిందో వాళ్లకి తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "అక్కడ బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా బాగుంటుందనే అంటారు. "నిన్నగానీ ఇవాళగానీ ఆ దారిన ఎవరైనా వెళ్లొచ్చారా? వాగు దాటేచోట నీళ్లు ఎంత లోతున్నాయి? ఆఖరి మలుపు దాకా బండి పోతుందా?" అని అడగండి. ఇలాంటి ప్రశ్నకి జవాబు కచ్చితంగా వస్తుంది, లేదా "తెలియదు" అని వస్తుంది. రెండూ పనికొచ్చేవే.

అభయారణ్యాలకీ, కొన్ని గుహలకీ ముందుగా అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది, రోజుకి ఇంతమందినే అన్న పరిమితి కూడా ఉంటుంది. వారపు సెలవు ఏ రోజో ఈ సాయంత్రమే తేల్చుకోండి.

మూడో అడుగు: చోటుకి తగిన వేళ పట్టుకోండి

మొత్తం పద్ధతిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

జలపాతంతో మొదలుపెడదాం. మ్యాప్‌లో అది ఏ దిక్కుకి ముఖం పెట్టి పడుతోందో చూడండి. తూర్పు ముఖమైతే పొద్దున ఎండ నేరుగా నీటి మీద పడుతుంది, పడమర ముఖమైతే మధ్యాహ్నం తర్వాత. లోతైన లోయలో ఉంటే రెండు వైపుల గోడలు దాటి ఎండ దిగే సమయమే తక్కువ. నీటి తుంపరలో ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ తల నీడ పడే బిందువు చుట్టూ 42 డిగ్రీల కోణంలో అది వలయంగా ఏర్పడుతుంది. అందుకే చదునైన చోట నిలబడి చూసేవాళ్లకి సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకెక్కాక ఆకాశంలో ధనుస్సు కనిపించదు. జలపాతం పైఅంచున నిలబడి కింది తుంపరలోకి చూస్తే మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా కనిపించొచ్చు.

ఇక జాగ్రత్త సంగతి. ఓసారి జలపాతానికి కాస్త దిగువన వాగు మధ్య బండ మీద కూర్చున్నాం. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్లు. కాసేపటికి ఒక ఎండుటాకు కొట్టుకొచ్చింది. దాని వెనక నాలుగు పుల్లలు. తర్వాత బెరడు ముక్కలు, సన్నటి నురగ, నీటి మధ్యలో పల్చటి మట్టిరంగు చార. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు, ఆకాశం నీలంగానే ఉంది. మాతో ఉన్న పెద్దాయన మాట్లాడకుండా లేచి చెప్పులు చేత పట్టుకుని ఒడ్డుకి నడిచాడు, మేమూ ఆయన వెనకే. కాసేపట్లోనే ఆ బండ మునిగిపోయింది. వాన పడింది ఎగువన, ఎక్కడో కొండ మీద. తేట నీళ్లు రంగు మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా వచ్చినా, నీటి హోరు గొంతు మారినా ఆలోచించకుండా ఎత్తైన ఒడ్డు ఎక్కేయండి. పరుగెత్తే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు, 60 సెంటీమీటర్లుంటే చాలా వాహనాలని తేల్చి తీసుకుపోతుంది. తిరుగు దారిలో వాగు పొంగితే ఆగండి, దాటకండి.

జలపాతం సరిగ్గా పడేచోట మడుగులోకి దిగవద్దు. అక్కడి నురగ నీటిలో గాలి బుడగలు నిండి ఉండడం వల్ల ఒంటిని తేల్చే శక్తి మామూలు నీటికంటే తక్కువ. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడ మునిగిపోతారు. కింద కనిపించని బండలు, లోపలికి లాగే సుడి ఉంటాయి. తడి బండ మీద ఆకుపచ్చటి పాచి కంటే నల్లగా మెరిసే పలుచటి పొర ఎక్కువ జారుతుంది. అడుగు వేసేముందు బూటు కొనతో రుద్ది చూడండి.

గుహలకి వేళతో పనిలేదు, అందుకే వాన రోజుకీ మండే ఎండ రోజుకీ వాటిని దాచుకుంటాను. బాగా లోపలి గుహలో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకటే. అది ఆ ప్రాంతపు సంవత్సర సగటు ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉంటుంది. అమెరికాలోని మామత్ కేవ్‌లో కొలిచిన సొరంగాలు 600 కిలోమీటర్లకి పైనే, దాని లోపల సుమారు 12 డిగ్రీలు. బయట వేసవి ఎంత మండినా లోపలికి స్వెట్టర్ కావాల్సిందే. ఒక హెచ్చరిక: వాగు పారే గుహలు మాత్రం వాన రోజుకి పనికిరావు. నీరు లోపలికే వస్తుంది, బయటికి దారి అదొక్కటే అవుతుంది.

సున్నపురాయి గుహలో తొందరపడకండి. ఒకచోట టార్చి వెలుగు ఆపి, పైకప్పు నుంచి వేలాడే సన్నటి బోలు గొట్టం కొన వైపు చూస్తూ ఉండండి. కొన దగ్గర ఒక నీటిబొట్టు ఉబ్బుతుంది, వణుకుతుంది, పడదు. వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగించుకుంటూ వస్తుంది. గుహ గాలిలోకి రాగానే ఆ వాయువు బయటికి పోతుంది. మోసుకొచ్చిన సున్నంలో రవ్వంత గొట్టం అంచున ఉంగరంలా మిగులుతుంది. అప్పుడు బొట్టు పడుతుంది. ఆ గొట్టం పెరుగుదల చాలా గుహల్లో ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు లెక్కన. మీ అరచేతి వెడల్పంత పొడవు పెరగడానికి సుమారు వెయ్యేళ్లు. వేలితో తాకితే చర్మం మీది జిడ్డు అంటుకుని అక్కడ సున్నం పేరుకోదు. అందుకే తాకొద్దనే మాట పిల్లలకి లోపలికి వెళ్లేముందే చెప్పండి, కారణంతో సహా చెప్పండి.

వేరే దేశంలో గుహ చూసొచ్చిన బూట్లతోనే ఇంకో గుహకి వెళ్లకండి. గబ్బిలాలని చంపే వైట్ నోజ్ సిండ్రోమ్ అనే శిలీంధ్ర వ్యాధి 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో బయటపడి ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలని తీసుకుపోయింది. ఆ శిలీంధ్రం బట్టలకీ బూట్లకీ అంటుకుని ప్రయాణిస్తుంది. దీపాలు పెట్టని గుహలోకి గైడు లేకుండా అడుగు పెట్టొద్దు. గైడుతో వెళ్లినా మనిషికి మూడు వెలుగులుండాలన్నది గుహల్లో తిరిగేవాళ్ల నియమం.

కొండ శిఖరానికి పొద్దున్నే వెళ్లాలి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడ పొగమంచు కడుతుంది. ఎండ ముదిరాక అది విడిపోతుంది. ఆలోపు పైన ఉంటే కిందంతా తెల్లటి సముద్రం, మధ్యలో దీవుల్లా గుట్టలు. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, గాలి తోడైతే ఇంకా ఎక్కువ చలి. మధ్యాహ్నాలు ఉరుములొచ్చే కాలంలో పన్నెండుకల్లా శిఖరం దిగిపోవాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ఉరుము వినబడిందంటే పిడుగు మీదాకా రాగలదనే అర్థం. ఒంటరి చెట్టు కిందకి పోకుండా దిగడం మొదలుపెట్టండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ ఎక్కకండి.

అడవికి తెల్లవారుజామున వెళ్లాలి. పక్షుల కచేరీ సూర్యోదయానికి దాదాపు గంట ముందే మొదలవుతుంది, ఎండెక్కాక సద్దుమణుగుతుంది. మధ్యాహ్నం వెళ్లి ఏమీ కనిపించలేదన్నవాళ్లే ఎక్కువ. కదలకుండా ఒకేచోట ఇరవై నిమిషాలు కూర్చోండి, నడిచేటప్పుడు కనిపించనివన్నీ బయటికొస్తాయి. జంతువు కనిపిస్తే చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూయండి. జంతువు మొత్తం వేలు చాటుకి పోతే దూరం సరిపోయినట్టు, పోకపోతే వెనక్కి జరగండి. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో తోడేళ్లకీ ఎలుగుబంట్లకీ 91 మీటర్లు, మిగతా జంతువుల్లో చాలావాటికి 23 మీటర్లు దూరం పాటించాలని నియమం.

సరస్సుకి కూడా పొద్దున్నే. నేల వేడెక్కి గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయి. పర్వత సరస్సుల్లో నీరు 15 డిగ్రీల కంటే తక్కువుంటే ఒక్కసారిగా దూకకండి. చలి దెబ్బకి ఊపిరి అదుపు తప్పేది మొదటి నిమిషంలోనే.

సముద్రతీరపు రాతిగుంటలు, ఒడ్డు గుహలు చూడాలంటే గడియారం కంటే ఆటుపోట్ల పట్టికే ముఖ్యం. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు బాగా తగ్గే సమయానికి రెండు గంటల ముందు చేరి, తగ్గుదల ఆగగానే వెనక్కి తిరగండి. నీరు ఒకే వేగంతో పెరగదు. ఆరు గంటల పోటులో మూడో గంట, నాలుగో గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా పెద్దది. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది.

నాలుగో అడుగు: నడక లెక్క, వెనక్కి తిరిగే గంట

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. 10 కిలోమీటర్ల బాటలో 600 మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలు. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే నేను దానికి సగం కలుపుతాను, ఆగి చూడడానికి వేరే గంట.

బయల్దేరేముందే వెనక్కి తిరిగే గంట నిర్ణయించుకోండి. ఎక్కడున్నా సరే, శిఖరం కళ్లముందే ఉన్నా సరే, ఆ గంటకి తిరిగిపోవాలి. ఇది అలసిపోయాక కొండ మీద తీసుకునే నిర్ణయం కాకూడదు, పొద్దున గదిలో తీసుకున్న నిర్ణయం అయ్యుండాలి. వాచీ లేకపోతే చెయ్యి చాచి అరచేతిని అడ్డంగా పెట్టి, దిగంతానికీ సూర్యుడి కింది అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. సూర్యుడిని సూటిగా చూడొద్దు. వేలికి సుమారు పావుగంట, నాలుగు వేళ్లకి గంట. అడ్డంగా కొండలుంటే చీకటి ఇంకా ముందే వస్తుంది.

ఐదో అడుగు: సంచి

సంచి రాత్రే సర్దండి. మనిషికి గంటకి అర లీటరు లెక్కన నీళ్లు, చేత్తో తినగలిగే తిండి, ఎంత ఎండగా ఉన్నా ఒక రెయిన్‌కోటు, తలకి పెట్టుకునే టార్చి, ఒక జత పొడి సాక్సులు, బొబ్బలకి ప్లాస్టర్, ఈల. ప్రమాదంలో ఉన్నప్పుడు నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి ఒక నిమిషం ఆగి మళ్లీ వేయడం పర్వతాల్లో అంతర్జాతీయ సంకేతం. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది.

మ్యాప్‌ని హోటల్ వైఫైలోనే ఫోన్‌లోకి దించుకోండి. సిగ్నల్ లేనిచోట దాన్ని వెతుక్కుంటూనే ఫోన్ బ్యాటరీ తినేస్తుంది, అందుకే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. చాలా దేశాల్లో అత్యవసర నంబరు 112, అయినా మీరున్న చోటి నంబరు కాగితం మీద రాసుకోండి.

ఆరో అడుగు: గేటు దాటేముందు, తిరిగొచ్చాక

ఎక్కడికి వెళ్తున్నారో, ఏ బాట ఎక్కుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఒక చీటీ రాసి హోటల్లో మనిషి చేతికి ఇవ్వండి. "ఈ గంట దాటినా రాకపోతే ఫలానా నంబరుకి ఫోన్ చేయండి" అని కూడా రాయండి. నోటిమాటగా చెబితే డ్యూటీ మారేటప్పుడు పోతుంది. తిరిగి రాగానే వచ్చామని చెప్పడం మరిచిపోకండి, లేకపోతే మీరు నిద్రపోతుంటే ఎవరో కొండ మీద మీకోసం వెతుకుతుంటారు.

చెత్తంతా తిరిగి తెచ్చేయండి, పండ్ల తొక్కలతో సహా. అవి ఆ అడవివి కావు, చల్లటి పొడిచోట్ల నెలల తరబడి అలాగే ఉంటాయి. మరుగు అవసరమైతే నీటికీ బాటకీ కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి పూడ్చండి.

గదికి వచ్చాక బూట్ల లోపల పాత కాగితాలు కుక్కి గాలి ఆడేచోట పెట్టండి. గంట తర్వాత ఆ కాగితాలు తీసి కొత్తవి కుక్కండి. హీటర్ ముందు మాత్రం పెట్టొద్దు, అతికించిన అట్టలు ఊడిపోతాయి.

రాత్రి భోజనమయ్యాక ఇంకొకటి మిగిలి ఉంది, దానికి బండి అక్కర్లేదు. పల్లెటూరి హోటల్ తీసుకోవడానికి నాకు అదొక్కటే చాలిన కారణం. అమావాస్యకి అటూఇటూ నాలుగు రోజులు పడేలా ప్రయాణం పెట్టుకుంటే, హోటల్ వెనక దీపాలు తగలనిచోట నిలబడి చూడొచ్చు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటినుంచి మొదలు. దారికి వెలుగు కావాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. మొదటి ఐదు నిమిషాల్లో పెద్ద చుక్కలే కనిపిస్తాయి. పదిహేను నిమిషాలకి వాటి మధ్య ఖాళీలు నిండడం మొదలవుతుంది. ఆ తర్వాత ఆకాశానికి అడ్డంగా పలచటి మబ్బు చారలాంటిది కనిపిస్తుంది, ఎంతసేపు చూసినా కదలదు. పాలపుంత అదే.

లోపలికి వచ్చేటప్పుడు కాపలా మనిషి మేలుకునే ఉంటాడు. రేపు వెళ్లబోయే దారిలో వాగు సంగతి అడగండి.